రుషికుల్య మొగలో గాలి జాకెట్లు: ఒక ఊరి కేసు

ఒడిశా గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లోని వాడబలిజల ఊరు ఇది, వేటే వాళ్ళ బతుకు. పేరు ఇక్కడ అనవసరం. ఇళ్ళలో తెలుగు, బడిలో ఒడియా, చేపల వేలంలో రెండూ. ఊరి బోట్ల సంఘానికి ఒక కంపెనీ 20 గాలి జాకెట్లు, అంటే నీళ్ళలో పడితే గ్యాస్‌తో ఉబ్బి మనిషిని తేల్చే లైఫ్ జాకెట్లు, ఉచితంగా ఇచ్చింది. నాసిరకం సరుకేమీ కాదు. పెద్దల సైజు, 150 న్యూటన్ల తరగతి, ఆటోమేటిక్, లోపలి లేబులు మీద ఐఎస్ఓ 12402-3 అని అంతర్జాతీయ ప్రమాణం పేరు స్పష్టంగా ఉంది. అయినా ఆ సీజను సగం గడిచేసరికి వాటిని ఒంటి మీద వేసుకునేవాళ్ళు లేరు. ఆరు జాకెట్లు ఒడ్డు కెరటాల్లోనే వాటంతట అవి ఉబ్బిపోయాయి. ఒక కుర్రాడు మొగ దగ్గర నీళ్ళలో పడితే జాకెట్ ఉబ్బింది గానీ గడ్డం దాటి ముఖం మీదకి ఎక్కేసింది. ఇంకో కలాసీ పడినప్పుడు అసలు ఉబ్బనే లేదు. ఇద్దరికీ ఈత వచ్చు, పక్కనే మరో బోటు ఉంది, బతికారు.

జాకెట్లు పనికిరానివా, వాడకంలో తప్పుందా తేల్చమని సంఘం నన్ను పిలిచింది. బరంపురంలో ఉండి బోట్ల సేఫ్టీ సామాన్లు తనిఖీ చేయడం, సర్వీసు చేయడం నా పని. చూశాక నేను తేల్చింది ముందే చెప్పేస్తాను: జాకెట్లు మంచివే, మనుషులూ జాగ్రత్తపరులే. ఆ జాకెట్టుకీ ఆ ఊళ్ళో బోటు నీళ్ళలోకి దిగే తీరుకీ పొత్తు కుదరలేదు. కుదరకపోగా, కుదరలేదన్న కోపంతో చేయాల్సిన చిన్న పనులు కూడా మానేశారు.

ఊళ్ళో చాలామంది దీన్ని పల్చటి స్పాంజి జాకెట్ అనుకున్నారు. స్పాంజి జాకెట్‌కి తేలే గుణం పుట్టుకతో వచ్చింది. చిరిగినా, ఎవరూ పట్టించుకోకపోయినా కొంత తేలుతుంది. గాలి జాకెట్ అంటే మెడ చుట్టూ వేసుకున్న ఖాళీ తిత్తి. గ్యాస్ చేరేదాకా అది గుడ్డతో సమానం. తిత్తికి ఒక చిన్న ఉక్కు సిలిండర్, దాని మూతిని పొడిచే సూది, సూదిని వదిలే యంత్రం ఉంటాయి. 150 తరగతి పెద్దల జాకెట్లలో మామూలుగా 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పెడతారు. మన వాతావరణంలో ఆ 33 గ్రాములు బయటికొస్తే 18 లీటర్ల పైచిలుకు గ్యాస్ అవుతుంది. 150 న్యూటన్లంటే సుమారు 15 కిలోల్ని పైకెత్తే బలం, అంటే 15 లీటర్ల నీటిని పక్కకి నెట్టాలి. లెక్క సరిపోతుంది గానీ పెద్దగా మిగలదు. సిలిండర్లో ఐదారు గ్రాములు కారిపోయినా తిత్తి మెత్తగా ఉండిపోతుంది.

నీళ్ళలో మనిషి బరువు నాలుగైదు కిలోలు కూడా ఉండదు కదా, 15 ఎందుకని సంఘంలో కాస్త చదువుకున్న కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఊరికే తేలడానికి అంత అక్కర్లేదు. దెబ్బ తగిలి స్పృహ తప్పి బోర్లా పడినవాణ్ణి వెల్లకిలా తిప్పాలన్నా, నోరు అల కన్నా ఎత్తులో ఉంచాలన్నా కావాలి. 50 తరగతి ఈత వచ్చినవాడికి, సాయం దగ్గర్లో ఉన్నచోట. అది మనిషిని తిప్పదు. 100 కాస్త నెమ్మదైన నీళ్ళకి, 150 సముద్రానికి. 275 తరగతిలో 60 గ్రాముల సిలిండర్ ఉంటుంది. బరువైన దుస్తులు, పనిముట్లు ఒంటి మీద ఉన్నవాళ్ళకి అది. బనీను, నిక్కరుతో వల లాగేవాడికి 275 దండగ. ఉబ్బాక చేతులు కూడా సరిగా ఆడవు.

ఇరవై జాకెట్లూ సంఘం షెడ్డులో తడి వలల పక్కనే మేకులకి వేలాడుతున్నాయి. పైకి అన్నీ ఒకటే. ఒక్కొక్కటీ విప్పి సిలిండర్లు మర తిప్పి తీసి వరసగా పెట్టించాను. ప్రతి సిలిండర్ మీదా దాని మొత్తం బరువు గ్రాముల్లో చెక్కి ఉంటుంది. తూస్తే దానికి రెండు గ్రాములకి మించి తేడా రాకూడదు. చేపలు తూచే కాటా ఐదేసి గ్రాముల చొప్పున అంకె మారుస్తుంది కాబట్టి ఈ పనికి నిరుపయోగం. సంఘం కార్యదర్శి ఇంట్లోంచి ఒక్క గ్రాము కూడా చూపించే వంటింటి త్రాసు తెప్పించాం. నాలుగు సిలిండర్లు 33 గ్రాములకి 33 గ్రాములూ తక్కువ తూగాయి. మూతి మీద సూది పొడిచిన చిల్లు కంటికే కనబడుతోంది. కెరటాల్లో ఉబ్బిన ఆరింటిలో నాలుగింటిని గాలి తీసి, ఎండబెట్టి, చక్కగా మడిచి, ఆ ఖాళీ సిలిండర్లతోనే మళ్ళీ మేకుకి తగిలించారన్నమాట. చేసింది ఎవరని నేను అడగలేదు. కొత్త సిలిండర్ ఉండే కిట్ ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఖాళీ మేకు చూస్తే కంపెనీవాళ్ళు ఏమంటారోనన్న భయం ఉండే ఉంటుంది.

అసలు ఉబ్బని జాకెట్ ఆ నాలుగింటిలోదే. యంత్రం మీద చిన్న కిటికీలో పచ్చ ఉండాల్సిన చోట ఎరుపు ఉంది, కానీ అది మడత లోపల. విప్పితే తప్ప కనబడదు. పడినాయన చేత్తో ఉబ్బించుకునే తాడు కూడా లాగాడట. సిలిండరే ఖాళీ అయితే తాడు లాగి ఏం లాభం? ఎడం పక్క మడతలో నోటితో ఊదే గొట్టం ఉందని ఆయనకి తెలియదు. నీళ్ళలో కొట్టుకుంటూ తిత్తి నింపడం సులువు కాదు, అయినా నాలుగు ఊదులు ఊదినా కొంత ఆసరా.

మిగతావాటిలో మరో ఐదు సిలిండర్లు వేళ్ళతో తిప్పితే తిరిగేశాయి. నేను చూసే లోపాల్లో ఇది తరచూ కనిపించేదే. ఇంజను అదురుకి, జాకెట్‌ని బోటులోకి విసిరే అలవాటుకి మర వదులవుతుంది. అప్పుడు సూది మూతికి అందదు, అందినా గ్యాస్ పక్కనుంచి పోతుంది. చేత్తో గట్టిగా బిగించాలి, పట్టకారుతో మాత్రం వద్దు, మర పాడవుతుంది. ఒక జాకెట్ తిత్తికి గేలం ముల్లు గుచ్చుకున్న సన్నటి చిల్లు. ఇంకోదాన్ని ఎలుక కొరికింది. ఆ రెండింటినీ అక్కడే కత్తిరించి పారేయించాను. తిత్తికి కుట్లు, అతుకులు వేసే పని ఊళ్ళో పెట్టుకోకూడదు.

కుర్రాడి జాకెట్ ముఖం మీదకి ఎందుకెక్కిందో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేకపోయింది. కాళ్ళ మధ్య నుంచి తెచ్చి ముందు బిగించే పట్టీలు ఇరవైకి ఇరవై ఇంకా పాలిథిన్ కవర్లలోనే ఉన్నాయి. నడుం పట్టీని లావాటి మనిషికి సరిపోయేంత వదులుగా వదిలేసి, సన్నటివాళ్ళు కూడా అలాగే వేసుకుంటున్నారు. 15 కిలోల బలం పైకి లాగుతుంటే కింద పట్టేదేమీ లేకపోతే జాకెట్ పైకి పోతుంది, మనిషి కిందకి జారతాడు. పట్టీకీ ఒంటికీ మధ్య పిడికిలి దూరేంత చోటు చాలు. కాళ్ళ పట్టీ గురించి అడిగితే పెద్దవాళ్ళు నవ్వేశారు, లుంగీ మీద అదేం బాగుంటుందని. కుర్రాళ్ళంతా నిక్కర్లే వేస్తారు కాబట్టి వాళ్ళతో గొడవ రాలేదు. పెద్దవాళ్ళతో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

ఇక అసలు సంగతి. కెరటాల్లో వాటంతట అవి ఎందుకు ఉబ్బాయి?

ఈ జాకెట్లలో యంత్రాన్ని ఆపి ఉంచేది ఒక చిన్న బిళ్ళ. నీరు తగిలితే కొద్ది సెకన్లలో మెత్తబడి కరుగుతుంది, స్ప్రింగు విడిపోయి సూదిని సిలిండర్లోకి గుచ్చుతుంది. ప్రశాంతమైన నీళ్ళలో, జెట్టీ నుంచి బోటెక్కేవాళ్ళకి ఇది బాగా పనిచేస్తుంది, చవక కూడా. కానీ ఈ బిళ్ళకి నీళ్ళలో పడిన మనిషికీ, మీద అల కొట్టిన మనిషికీ తేడా తెలియదు. ఉప్పు గాలిలో, తడి వలల పక్కన నెలల తరబడి వేలాడితే దానంతట అదే బలహీనపడుతుంది కూడా. బిళ్ళ మీద తేదీ ఉంటుంది. కంపెనీ చెప్పిన గడువు దాటకుండా మార్చాలి. తడి షెడ్డులో పెట్టేవాళ్ళు గడువు దాకా ఆగకూడదని నా అభిప్రాయం.

రెండో రకం హైడ్రోస్టాటిక్. ఇందులోనూ నీరు తగిలితే విడిపోయే భాగం ఉంటుంది, కానీ దాని ముందు ఒక కవాటం కాపలా. సుమారు 10 సెంటీమీటర్ల లోతు నీటి ఒత్తిడి పడితేనే తెరుచుకుంటుంది. వాన, తుంపర, గాలిలో తేమ దీన్ని కదిలించలేవు. దాని కిట్ ఖరీదు బిళ్ళ కిట్‌కి రెట్టింపు పైనే. మూడోది చేత్తో తాడు లాగితేనే ఉబ్బే మాన్యువల్. స్పృహ ఉండి, చెయ్యి ఆడి, లాగాలన్న ఆలోచన వచ్చినవాడికే అది అక్కరకొస్తుంది. ఈత రానివాడికి ఇవ్వకూడదు.

అయితే హైడ్రోస్టాటిక్ కొనిపిస్తే సరిపోతుందా? నేను అలా రాసి ఇచ్చేయవచ్చు. ఇంగ్లండు, అమెరికా గైడ్లు చదివితే అదే సమాధానం దొరుకుతుంది, ఎందుకంటే అక్కడి బోటు జెట్టీ మెట్ల పక్కన కట్టి ఉంటుంది. మరునాడు తెల్లవారకముందే ఒడ్డుకెళ్ళి చూశాను. ఇసుక మీంచి ఫైబర్ బోటుని భుజాలతో నెట్టుకుంటూ నీళ్ళలోకి దింపుతారు. ముక్కు కెరటానికి ఎదురుగా ఉండేలా నలుగురూ మొలలోతు, చాలాసార్లు రొమ్ములోతు నీళ్ళలో నిలబడి పట్టుకుంటారు. అదను చూసి ఒకరి తరవాత ఒకరు ఎగిరి ఎక్కుతారు. జాకెట్‌లో యంత్రం ఉండేది పక్కటెముకల దగ్గర. అంటే బోటు ఎక్కకముందే అది ఒక అడుగు లోతు నీళ్ళలో మునుగుతుంది. 10 సెంటీమీటర్ల కవాటం ఆగుతుందా? ఆగదు. బోటు నెడుతున్న మనిషికి మెడ చుట్టూ తిత్తి ఉబ్బితే చూపు ఆనదు, చేతులు బోటు అంచు పట్టవు, పక్క అల వస్తే బోటే మీదకొస్తుంది. రక్షణ కోసం కట్టుకున్నదే అడ్డం తగులుతుంది.

"ఇదేటండీ బాబూ, దరి దాటకుండానే మెడ పట్టేస్తంది" అని బోటు నడిపే సరంగు మొదటి రోజే చెప్పాడు. సమస్యంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఆ గైడ్లతో ఇంకో పేచీ కూడా ఉంది. వాళ్ళు రాసేదాంట్లో సగం చన్నీటి గురించే. బంగాళాఖాతం నీళ్ళు చలికాలంలోనూ గోరువెచ్చగానే ఉంటాయి కాబట్టి మన ప్రమాదం వేరు: కెరటంలో బోటు తలకి తగలడం, ఇంజను పంకా తగలడం, వల చుట్టుకోవడం, గంటలకొద్దీ ఈది అలసిపోవడం. "మేం ఈత రానోళ్ళమా" అన్న వాదనకి నా జవాబు ఇక్కడే దొరికింది. తలకి దెబ్బ తగిలినవాడికి ఈత వచ్చినా రానట్టే.

అందుకే ఒకే జాకెట్ అందరికీ అన్న ఆలోచన వదిలేసి, బోటు ఎక్కడ నుంచి కదులుతుందో చూసి విడగొట్టాం.

కెరటాలు దాటి వేటకెళ్ళే బోట్లకి గాలి జాకెట్ వద్దన్నాను. సముద్రానికి 150 అని చెప్పినా, వల లాగే వీలు కోసం వీళ్ళకి 100 తరగతి స్పాంజి జాకెట్, చంకల దగ్గర వెడల్పు, ముందు బకిల్స్ వేశాక వేలాడే పట్టీ ముక్కలు లేనిది. వలకి చిక్కుకునేది ఆ ముక్కలే. మూడు నమూనాలు తెచ్చి వేసుకుని వల లాగి చూడమన్నాను. వాళ్ళు ఎంచుకున్నది నేను అనుకున్నది కాదు, ముందు భాగం పల్చగా ఉండి వెనక మందంగా ఉన్నది. తిప్పే గుణం తగ్గుతుందేమోనని నీళ్ళలో పరీక్షించి ఒప్పుకున్నాను. వేడి, చెమట నిజమే. రాత్రి వల లాగేటప్పుడు కూడా తీయకూడదని నా రిపోర్టులో రాశాను. తీస్తారని నాకు తెలుసు. కెరటం దాటేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒప్పందం గట్టిగా ఉంది, అది సరంగు పూచీ.

నది లోపల ఏటి గట్టు నుంచి కదిలే బోట్ల సంగతి వేరు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కోసం రుషికుల్య మొగ దగ్గర ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఆ నెలల్లో ఊళ్ళో కొన్ని బోట్లు కాపలాకి, పరిశోధకుల్ని తిప్పడానికి అద్దెకి వెళతాయి. ఎక్కడం గట్టు మీద నుంచే, ఒళ్ళు తడవదు, బోటు మీద గంటల తరబడి కూర్చోవాలి. గాలి జాకెట్ అసలు సుఖం అక్కడే: బరువు లేదు, ఉక్కపోత లేదు కాబట్టి విప్పబుద్ధి కాదు. బాగున్న పాత బిళ్ళ జాకెట్లని ఏటి లోపలే తిరిగే బోట్లకి కేటాయించాం. మొగ దాటి బయటికెళ్ళే కాపలా బోటుకి మాత్రం హైడ్రోస్టాటిక్‌వి కొత్తగా ఆరు కొనమన్నాను. పాతవాటినే మార్చుకోవచ్చు కదా అని అడిగారు. కుదరదు, తిత్తికి యంత్రం బిగించే తీరే వేరు.

ఒక చిక్కు మిగిలింది. ఈ ఊరి బంధువులు కొందరు రంభ దగ్గర చిలికా సరస్సులో పర్యాటకుల బోట్లు నడుపుతారు, పైన పందిరి, పక్కల తెరలు. మిగిలిన ఆటోమేటిక్‌లు మాకిస్తారా అని వచ్చారు. వద్దన్నాను. పందిరి బోటు తిరగబడితే ఆటోమేటిక్ జాకెట్ లోపలే ఉబ్బి మనిషిని అక్కడే అదిమిపెడుతుంది, కిందకి మునిగి బయటపడనివ్వదు. 1996లో కొమొరోస్ తీరంలో సముద్రంలో పడిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో బయటికి రాకముందే జాకెట్లు ఉబ్బించుకున్న చాలామంది లోపలే చిక్కుకుపోయారు. బయటికొచ్చాకే ఉబ్బించండని విమానంలో ప్రతిసారీ చెప్పేది అందుకే. స్పాంజి జాకెట్‌తోనూ ఈ ఇబ్బంది కొంత ఉంది. కాబట్టి చిలికా వాళ్ళకి ముందు పక్క తెరలు పీకేయమని చెప్పాను, జాకెట్ మాట తరవాత.

బిళ్ళ జాకెట్లు ఎవరికివ్వాలో తేలాక, గడువు దగ్గరపడిన సిలిండర్లతో ఏటి లోపల, మొలలోతు దాటిన నిలకడ నీళ్ళలో ఒక ప్రయోగం పెట్టాను. సర్వీసుకి తీసేయాల్సిన కిట్‌ని పారేసేకన్నా మనుషుల ముందు పేల్చడం మేలు. మొదటి శబ్దానికే ఒకాయన భయపడి తాడు వదిలేశాడు. ఠప్పుమని, బుస్సుమని, ఐదారు సెకన్లలో మెడ బిగిసిపోతుంది. ముందే తెలియకపోతే ఏదో పేలిందనుకుంటారు. కాళ్ళ పట్టీ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి దూకించాను. మొదటిసారి తిత్తి చెవుల దాకా వచ్చింది, రెండోసారి రొమ్ము మీదే ఆగింది. పట్టీ గురించి నేను చెప్పిన మాటలన్నిటికన్నా ఆ రెండు దూకుళ్ళే ఎక్కువ పనిచేశాయి.

కానీ నేను ఎక్కువ సేపు గడిపింది తిరిగి బోటెక్కడం మీద. ఉబ్బిన జాకెట్‌తో బోర్లా ఈదలేరు, వెల్లకిలా పడుకుని కాళ్ళతో తన్నుకుంటూ రావాలి. బాగా ఈదేవాళ్ళకే ఇది చిరాకు. బోటు అంచు దగ్గరికి వచ్చాక రొమ్ము మీది ఉబ్బు అంచుకి తట్టి పైకి రానివ్వదు. చేతుల బలంతో ఎగిరి ఎక్కే అలవాటున్నవాళ్ళు ముగ్గురు ప్రయత్నించి వెనక్కి పడ్డారు. నోటి గొట్టం మూతని తిరగేసి కవాటం మీద నొక్కితే కొంత గాలి పోతుంది, అప్పుడు ఎక్కవచ్చు. అది బోటు అంచు చేత్తో పట్టుకున్నాకే చేయాలి, ముందు కాదు. ఇంకా మంచి ఉపాయం ఊరివాళ్ళదే: లావు తాడుతో మోకాలి లోతున వేలాడే ఉచ్చు కట్టి, అందులో కాలు పెట్టి ఎక్కడం. ఇప్పుడు కాపలా బోటుకి రెండు వైపులా అలాంటి ఉచ్చులున్నాయి. ఉబ్బిన మనిషిని పైకి లాగేవాళ్ళు తిత్తిని పట్టుకోకూడదు. భుజాల పట్టీని పట్టుకోవాలి.

ఖర్చు మాట. ఉచితంగా వచ్చింది జాకెట్టే, కిట్ కాదు. ఒకసారి ఉబ్బితే సిలిండర్, బిళ్ళ రెండూ కొత్తవి కావాలి. యంత్రం ఏ కంపెనీదో, సిలిండర్ ఎన్ని గ్రాములదో, మర ఏ సైజుదో చూసి అచ్చంగా అదే తెప్పించాలి. సిలిండర్లు ఒత్తిడి గ్యాస్ కాబట్టి విమాన పార్సిల్లో మామూలు సామానులా పోవు, రోడ్డు మీదే రావాలి, ఆలస్యమవుతుంది. అందుకని మూడు జాకెట్లకి ఒక కిట్ చొప్పున ముందే నిలవ పెట్టమన్నాను. పరిశోధకుల అద్దెలో కొంత సంఘం దీనికి పక్కన పెడుతోంది. జాకెట్లు ఇచ్చేటప్పుడే రెండేళ్ళ కిట్లు కూడా ఇస్తే ఇంత కథ ఉండేది కాదు. దాతలెవరైనా చదువుతుంటే గమనించండి.

నిర్వహణ నేర్పింది ఇద్దరికి, సంఘం లెక్కలు రాసే కుర్రాడికీ కార్యదర్శి భార్యకీ. బోటు కదిలే ముందు ప్రతివాడూ తన జాకెట్ విప్పి పచ్చ గుర్తు చూడాలి, సిలిండర్ వేళ్ళతో బిగించాలి. ఉప్పునీళ్ళు పడిన రోజు మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేయాలి. కడిగేటప్పుడు బిళ్ళ తీసేయాలి, లేకపోతే కుళాయి కిందే ఉబ్బుతుంది. సెప్టెంబర్లో, అంటే తుపానుల నెలకి ముందు (2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12న), పంపుతో తిత్తి గట్టిగా నింపి రాత్రంతా గదిలో వదిలేసి పొద్దున్న చూడాలి. నోటితో ఊదితే తేమ లోపల మిగిలిపోతుంది కాబట్టి పంపే వాడమన్నాను. సిలిండర్ల బరువు తూచి నోటు పుస్తకంలో రాయాలి. కుర్రాళ్ళు చదివేది ఒడియా, పెద్దవాళ్ళు కొందరు ఏదీ చదవరు, అందుకని షెడ్డు గోడ మీద ఇవన్నీ బొమ్మలు గీయించాం. జాకెట్లు ఇప్పుడు వలల షెడ్డులో లేవు, కార్యదర్శి ఇంటి వసారాలో హ్యాంగర్లకి ఉన్నాయి. ఎలుకల బెడద అక్కడ లేదు, ఆ ఇంట్లో రెండు పిల్లులున్నాయి.

తరవాతి తనిఖీలో పాత జాకెట్లలో ఒకదాని యంత్రం దగ్గర తుప్పు కనబడింది, సిలిండర్ మర గరగరలాడుతోంది. పక్కన పెట్టేశాను. పుస్తకంలో బరువులన్నీ రాసి ఉన్నాయి, ఒక నెల తప్ప. ఆ నెల త్రాసు పెళ్ళివారింటికి వెళ్ళిందట. కాపలా బోటు హైడ్రోస్టాటిక్‌లు ఆరూ పచ్చలోనే ఉన్నాయి, తుంపరకి ఒక్కటీ ఉబ్బలేదు. స్పాంజి జాకెట్ల రెండో ఆర్డరులో పిల్లలవి కూడా వేయమని అడిగారు, పండగలకి బోటు మీద బంధువుల ఊళ్ళకి వెళతారు కాబట్టి. పిల్లలకి వయసు చూసి కాక బరువు చూసి కొనాలి, మెడ వెనక తల ఆనే దిండు ఉన్నవి, కాళ్ళ పట్టీ ఉన్నవి. గాలి జాకెట్లు చిన్నపిల్లలకి అస్సలు వద్దు. ఎవరి పిల్లలు ఎన్ని కిలోలో జాబితా పంపమన్నాను, సగం పేర్లు వచ్చాయి.